ఫ్రూమ్ మళ్లీ సైకిలెక్కుతాడా సార్? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి నుంచి వింటున్న అందరికీ స్వాగతం. ఈ వారం మన శ్రోతలు చాలామంది ఒకే విషయం అడిగారు. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు నాలుగుసార్లు గెలిచిన క్రిస్ ఫ్రూమ్ 2025 ఆగస్టు 27న ఫ్రాన్స్‌లో ప్రాక్టీస్ చేస్తూ పడిపోయాడు. హెలికాప్టర్‌లో తూలోన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అందుకే ఈరోజు ఎముకల డాక్టర్ గారిని పిలిచాం. నమస్కారం డాక్టర్ గారూ.

డాక్టర్: నమస్కారం. నేను ఆయన రిపోర్టులు చూసిన డాక్టర్ని కాదు. ఆయన టీమ్ బయటికి చెప్పిన మాటల మీదే మాట్లాడతాను. ఐదు పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి కుంచించుకుపోయింది, నడుము వెన్నుపూస ఒకటి విరిగింది. స్పృహలో ఉన్నాడు, తలకు దెబ్బ లేదు. ఈ చివరి మాట విన్నాక నాకు కొంత ఊపిరి ఆడింది.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ మహబూబ్‌నగర్ నుంచి. చెప్పు తమ్ముడూ.

శ్రోత: నమస్తే సార్. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. పొద్దున్నే పిల్లలమర్రి దాకా సైకిల్ తొక్కుతాం, నలుగురం ఫ్రెండ్స్. ఫ్రూమ్ అంటే మాకు ప్రాణం. ఆ వార్త చూసినప్పటి నుంచి చదువు మీద మనసు పోవట్లేదు. మళ్లీ రేసుల్లోకి వస్తాడా సార్?

డాక్టర్: నాకు తెలియదు నాయనా. ఆయనకు ఆపరేషన్ చేసిన వాళ్లకు కూడా ఇప్పుడే తెలియదు. శరీరం ఒక వరసలో కోలుకుంటుంది. ముందు ఊపిరితిత్తి నిండాలి. పక్కటెముకలకు ఆరు వారాలు అనుకో. ఆ ఆరు వారాలూ దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినట్టుంటుంది. నొప్పికి భయపడి మనిషి పైపైన గాలి పీలుస్తాడు, దాంతో కఫం చేరి న్యుమోనియా వస్తుంది. అందుకే ఆసుపత్రిలో మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతికిస్తారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. కొండలెక్కి గెలిచినవాడికైనా మొదటి రోజు ఒక్క బంతి లేపడమే కష్టం. తర్వాత వెన్నుపూస. దానికి నెలలు పడుతుంది. వీటన్నింటి తర్వాత గానీ కండ సంగతి రాదు. పడేనాటికి ఆయనకు నలభై ఏళ్లు. రేసు గురించి ఇప్పుడు అడగడం తొందరపాటు.

శ్రోత: 2019లో అంతకంటే పెద్ద దెబ్బే తగిలింది కదా సార్. అప్పుడు వచ్చాడు.

డాక్టర్: వచ్చాడు. దాని గురించి పూర్తిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అభిమానులు అందులో సగమే గుర్తుపెట్టుకుంటారు. 2019 జూన్‌లో ఫ్రాన్స్‌లోని డోఫినే రేసులో టైమ్ ట్రయల్, అంటే గడియారంతో పోటీపడి ఒక్కొక్కరుగా తొక్కే పోటీ, దాని దారి చూసుకుంటూ గాలి తోసేస్తే గోడకు గుద్దుకున్నాడు. కుడి తొడ ఎముక, మోచేయి, పక్కటెముకలు, రొమ్ము ఎముక, మెడ వెన్నుపూస విరిగాయి. ఏడాది తిరగకముందే, 2020 ఫిబ్రవరిలో, మళ్లీ రేసులో కనిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఏమైంది? దెబ్బతిన్న కాలులో ఐదో వంతు బలం తక్కువ ఉందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ప్రమాదం తర్వాత ఒక్క రేసూ గెలవలేదు. 2022 టూర్‌లో ఆల్ప్ డ్యూయెజ్ కొండ మీద మూడో స్థానంలో వచ్చాడే, అది నాకైతే ఆయన పాత గెలుపులంత గొప్పది. కానీ దాన్ని ఎంతమంది తలుచుకుంటారు?

శ్రోత: దెబ్బ తగిలిన ఇంకో సైక్లిస్టు బెర్నాల్ గెలిచాడు కదా సార్, మొన్న 2025 సెప్టెంబర్‌లో.

డాక్టర్: అవును, స్పెయిన్ వుయెల్టా రేసులో ఒక స్టేజి, అంటే ఒక రోజు పోటీ. చాలా సంతోషించాను. 2022 జనవరిలో కొలంబియాలో ఆగి ఉన్న బస్సును గుద్దినప్పుడు ఎగాన్ బెర్నాల్ నడుస్తాడో లేదో అన్నారు. మూడున్నరేళ్లు దాటాక ఈ గెలుపు. వయసులో ఫ్రూమ్ కంటే పన్నెండేళ్లు చిన్నవాడు. ఇంకో సైక్లిస్టు రెమ్కో ఎవెనెపోల్ 2020లో వంతెన మీంచి లోయలో పడి కటి ఎముక విరగ్గొట్టుకుని, రెండేళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఎవరి ఎముక వాళ్లది నాయనా. ఒకరిని చూపించి ఇంకొకరికి గడువు పెట్టకూడదు. నువ్వు రేపు పొద్దున సైకిల్ తీయి, హెల్మెట్ పెట్టుకో, చదువు వదలకు.

వ్యాఖ్యాత: తర్వాత దేవరకొండ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. మా బాబు గురించి సార్. ఇరవై రెండేళ్లు. సాగర్ రోడ్డు మీద బండి మీంచి పడి తొడ ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు. మూడో నెల నడుస్తోంది. కబడ్డీ ఆడేటోడు సార్. మంచంలో పడుకుని ఫోన్లో ఈ సైకిలాయన వీడియోలే చూసేటోడు. అమ్మా, ఈయనకు కూడా ఇదే ఎముక, లేచి రేసు తొక్కిండు, నేను కూడా లేస్తా అనేటోడు. ఆయన మళ్లీ పడ్డడని తెలిసిన కాన్నుంచి తిండి సరిగ్గా తినడం లేదు. కర్రలు పట్టుకుని నడవమంటే గోడకు తిరిగి పడుకుంటున్నడు. నాకైతే ఏడుపొస్తోంది సార్.

డాక్టర్: ఏడవకండమ్మా. బాబు పక్కనే ఉన్నాడా?

శ్రోత: లోపల గదిలో ఉన్నడు. వింటున్నడో లేదో.

డాక్టర్: రేడియో సౌండ్ పెంచండి, వింటాడు. బాబూ, ఈ మాట నీకే. ఫ్రూమ్‌కి ఇప్పుడు విరిగింది నీకు విరిగిన ఎముక కాదు. 2019లో విరిగి అతికిన ఆ తొడతోనే ఆయన ఐదేళ్లకు పైగా పోటీల్లో తొక్కాడు, టూర్‌లో కొండలెక్కాడు. నువ్వు నమ్ముకున్నది తప్పిపోలేదు. అమ్మా, ఇంటికి వచ్చేవాళ్లు ఏమంటున్నారు?

శ్రోత: ఏమంటరు సార్. ఇంకా నడుస్తలేడా, కబడ్డీ ఇంక మర్చిపోవాల్సిందేనా అని వాడి ముందే అంటరు. పుత్తూరు కట్టు కట్టిస్తే ఈపాటికి పరిగెత్తేటోడు అని కొందరు.

డాక్టర్: ఆ మాటలే వాణ్ని పడుకోబెడుతున్నాయి. రేపటి నుంచి వచ్చేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపి చెప్పండి, కాలు సంగతి అడగొద్దని. ఊరి ముచ్చట్లు చెప్పమనండి, పొలం పనుల గురించి మాట్లాడమనండి. ఇక కట్టు విషయం. లోపల రాడ్ ఉండగా పైన కట్టు కట్టించకండి, నూనెతో గట్టిగా పిసికించకండి. కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉంది. తొడ ఎముక అతకడానికి మూడు నుంచి ఆరు నెలలు మామూలే. ఎంత బరువు మోపాలన్నది ఎక్స్‌రే చూసి ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

శ్రోత: రోజూ పాయ సూప్ పోస్తున్న సార్.

డాక్టర్: పోయండి, తప్పు లేదు. దాంతోపాటు గుడ్లు, పప్పు, పాలు ఉండాలి, కాసేపు ఎండలో కూర్చోవాలి. బీడీ, సిగరెట్ ఏమైనా...

శ్రోత: (చిన్నగా) ఉంది సార్. దోస్తులు తెచ్చిస్తరు.

డాక్టర్: అది ఆపాలి. పొగ ఎముకను అతకనివ్వదు, నెలలు వెనక్కి పోతుంది. ఇంకో పని చెప్తాను. ఇంట్లో దర్జీ టేపు ఉంటే మోకాలి చిప్ప పైన జానెడు ఎత్తులో రెండు తొడలూ కొలవండి. దెబ్బ తగిలినది సన్నగా ఉంటుంది. ఫిజియో చెప్పినట్టు తొడ కండ బిగించి, పది లెక్కపెట్టి వదలాలి. నెలకోసారి కొలిచి గోడ మీద రాసుకోమనండి. కబడ్డీ తేదీ అడగొద్దు, ఆ అంకె చూసుకుంటే చాలు. నిద్ర లేకపోవడం, బతికి ఏం లాభం అనడం లాంటివి ఉంటే దాచకండి. 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.

శ్రోత: సరే సార్. మీ మాట విన్నడు అనుకుంట... తలుపు దగ్గరికి వచ్చిండు సార్.

డాక్టర్: రానివ్వండి. ఏమీ అనకండి. అన్నం పెట్టండి.

వ్యాఖ్యాత: సూర్యాపేట నుంచి లైన్ కలిసింది... హలో? కట్ అయింది. మళ్లీ ప్రయత్నించండన్నా. మిర్యాలగూడ నుంచి లెక్చరర్ గారు ఉన్నారు.

శ్రోత: డాక్టర్ గారూ, మా సైకిల్ మిత్రుల్లోనే కొందరు, నలభై ఏళ్లకు ఇంకా ఎందుకు తొక్కాడు, ముందే మానేస్తే ఇది జరిగేది కాదు కదా అంటున్నారు. నాకు చాలా బాధగా ఉంది. ఆయనకు ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఏం రాయాలో తోచడం లేదు.

డాక్టర్: ఆయన పడింది ప్రాక్టీస్‌లో. రిటైరైనా సైకిల్ మానేవాడా? గాయపడినవాడి ముందు పాత లెక్కలు విప్పడం నాకు అస్సలు నచ్చదు. ఉత్తరంలో త్వరగా రేసుకు రా అని మాత్రం రాయకండి. అదీ బరువే. మీకు ఆయనను గుర్తుచేసే రోజేది?

శ్రోత: 2018లో ఇటలీ జిరో రేసు. ఫినెస్ట్రే కొండ మీద, మట్టి రోడ్డులో, ఎనభై కిలోమీటర్ల ముందే ఒంటరిగా వెళ్లిపోయాడు. ఆ రోజు నేను క్లాసు మానేసి చూశాను.

డాక్టర్: అదే రాయండి. ప్రశ్న లేకుండా.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, నల్లగొండ నుంచి వ్యాయామ ఉపాధ్యాయులు.

శ్రోత: సార్, మా పిల్లలు నార్కట్‌పల్లి వైపు హైవే పక్కన ప్రాక్టీస్ చేస్తారు. ఎవరైనా అట్లా పడితే ముందు ఏం చేయాలి?

డాక్టర్: మంచి ప్రశ్న. ముందు వెనక నుంచి వచ్చే బండ్లను ఆపండి, 108కి ఫోన్ చేయండి. కాళ్లూ చేతులూ పట్టుకుని లేపి ఆటోలో కుక్కకండి. వెన్ను విరిగి ఉంటే ఆ లేపడంలోనే నరం దెబ్బతినొచ్చు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయొద్దు. నీళ్లు తాగించొద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. తొడ వాచి ఉంటే లోపలే లీటరు దాటి రక్తం పోయి ఉండొచ్చు, పైకి కనపడదు. కాలు వంకరగా ఉన్నా లాగి సరిచేయొద్దు, రెండు పక్కలా బట్టలు చుట్టి కదలకుండా ఉంచండి.

శ్రోత: పోలీసులు, కేసు అని జనం దగ్గరికే రారు సార్.

డాక్టర్: 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. సాయం చేసినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, బలవంతంగా సాక్షిని చేయకూడదు. బండి వల్ల జరిగిన ప్రమాదమైతే మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకం 2025 మే నుంచి ఉంది. ఆరోగ్యశ్రీ పది లక్షల దాకా ఉంది. ఈ రెండూ కాగితం మీద రాసి మీ స్కూల్ నోటీసు బోర్డుకు అంటించండి మాస్టారూ. పిల్లల రక్తం గ్రూపు, ఇంటి నంబరు హెల్మెట్ లోపల రాసి పెట్టించండి.

శ్రోత: సోమవారం ప్రార్థన తర్వాత రాయిస్తాను సార్.