ఆటో స్టార్టరు, ఆటో బూట్

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాలు అక్కడే అయిపోతాయి కనుక, అందరికీ కలిపి ఒకే దండం పెట్టి విషయంలోకి వస్తున్నాను.

చాలా చిప్పుల్లో లినక్స్ నడిచే ప్రధాన ప్రాసెసరు పక్కనే మోటారునో, సెన్సరునో చూసుకునే చిన్న ప్రాసెసర్లు ఉంటాయి. వాటిలో నడిచే ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేర్, ఉన్న ఫైలును తెచ్చి, మెమరీలో నింపి, వాటిని నడిపించే బాధ్యత లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ది. అందుకే 2012లో కెర్నెల్ 3.4తో ఈ పని చూసుకునే రిమోట్‌ప్రాక్ అనే భాగం వచ్చింది. ఒక్కో చిన్న ప్రాసెసరును చూసుకునే కెర్నెల్ కోడు, అంటే డ్రైవరు, తన ప్రాసెసరును నమోదు చేయగానే, ఎవరూ అడగకముందే ఫర్మ్‌వేర్ మొదలవ్వాలా వద్దా అని చెప్పే ఆటో బూట్ ఫ్లాగ్ 2016లో చేరింది. మనం ఏమీ రాయకపోతే దాని విలువ ‘అవును’. నా పేచీ ఆ ‘అవును’తోనే.

నల్లగొండ వాళ్లకు ఇది వేరే చెప్పాలా? దేవరకొండ దగ్గర మా చేనులో నాయన స్టార్టరు డబ్బాకు ఆటో స్టార్టరు బిగించాడు. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినా లేచి పోనక్కరలేదని ఆయన ఆశ. ఒక ఎండకాలం బోరు అడుగంటింది. ఆ సంగతి డబ్బాకేం తెలుసు? కరెంటు రాగానే మోటారు వేసింది. తెల్లారి మేము పోయేసరికి వైండింగు కాలిన వాసన గట్టు దాకా వచ్చింది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చేటప్పుడు, నీళ్లు ఊరకే పోతాయని, ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు ఊరూరా చెప్పించింది.

ఇంత చూసిన నేనే, తరువాత ఉద్యోగంలో అదే డబ్బా కట్టాను. మోటారును అదుపు చేసే డ్రైవరు ఇంకా లోడు కాకముందే ఫర్మ్‌వేర్ దానంతటదే మొదలై, బల్ల మీద కప్లింగు బిగించని మోటారు గిర్రున తిరిగింది. పక్కనే ఉన్న స్క్రూడ్రైవరు ఎగిరి గోడకు తగిలింది. చెయ్యి పెట్టి ఉంటే ఏమయ్యేదో! చిన్న ప్రాసెసరు డ్రైవరును, తరువాత లోడయ్యే మాడ్యూలుగా కాక కెర్నెల్‌లోనే కలిపినప్పుడు ఇంకో తంటా: ఫైళ్లుండే రూట్ ఫైల్ సిస్టమ్ మౌంటు కాకముందే కెర్నెల్ ఫర్మ్‌వేర్ ఫైలును వెతికి, దొరకలేదని మైనస్ 2 అనే ఎర్రరు చెప్పి ఊరుకుంది. ఈ వెతుకులాట వెనకాల జరుగుతుంది కనుక, డ్రైవరు చేరిక మాత్రం సఫలమయినట్టే కనిపించింది. నేను రెండు రాత్రులు వైర్లు మార్చుకుంటూ కూర్చున్నాను.

బీగల్‌బోన్ అనే చిన్న కంప్యూటరు బోర్డులో పీఆర్‌యూ అనే ఇలాంటి చిన్న ప్రాసెసరుకు డ్రైవరు రాసినవాళ్లు ఈ ఫ్లాగ్‌ను ‘కాదు’ అని పెట్టి, ఎప్పుడు నడపాలో వాడేవారికే వదిలేశారు. ప్రాసెసరును నమోదు చేసే ఆర్‌ప్రాక్ యాడ్ ఫంక్షన్‌ను పిలిచే ముందు ఒక్క వరుస, అంతే. ఫైనలియర్ ప్రాజెక్టుకు మోటారు బోర్డులు తెచ్చుకున్న పిల్లలారా, వెనక బెంచీల్లోని మీరు కూడా, ఇప్పుడే ల్యాప్‌టాప్ తెరవండి. కెర్నెల్ తన సంగతులను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో మీ ప్రాసెసరు స్టేట్ ఫైలు చదివి, ‘ఆఫ్‌లైన్’ అంటోందో, ఎవరూ అడగకుండానే ‘రన్నింగ్’ అంటోందో నాకు చెప్పండి. నేను ఆగుతాను.