వాచ్‌మన్ గేటు దగ్గర పడుకుంటాడా, పడుకోవాలా: ఇంగ్లీషు సబ్‌జంక్టివ్‌పై ఒక సంభాషణ

సంధానకర్త: శ్రోతలకు నమస్కారం. 30 ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. మాస్టారూ, జరిగినదాన్ని కాక, జరగాలని కోరేదాన్నీ ఊరికే ఊహించేదాన్నీ తెలిపే క్రియారూపాన్ని ఇంగ్లీషులో సబ్‌జంక్టివ్ అంటారు కదా, ఆ మాట వింటేనే నాకు పరీక్ష హాలు గుర్తుకొస్తుంది. ఎక్కడ మొదలుపెడదామంటారు?

మాస్టారు: మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర మొదలుపెడదామమ్మా. కొన్నేళ్ళ క్రితం నేను సంఘానికి కార్యదర్శిగా ఉన్నప్పుడు, వాచ్‌మన్ రాత్రిళ్ళు డాబా మీదికి వెళ్ళిపోతున్నాడని, ఇకమీదట గేటు దగ్గరే పడుకోవాలని సమావేశంలో తీర్మానించాం. ఆ సంగతిని కాపలా మనుషులను పంపే ఏజెన్సీకి ఇంగ్లీషులో రాసిపెట్టిన కుర్రాడు "ది అసోసియేషన్ ఇన్సిస్ట్స్ దట్ ద వాచ్‌మన్ స్లీప్స్ ఎట్ ద గేట్" అని రాశాడు. నేను సరిగ్గా చూడకుండానే సంతకం పెట్టాను. వారం తిరగకముందే ఏజెన్సీ నుంచి క్షమాపణ ఉత్తరం వచ్చింది: గేటు దగ్గర నిద్రపోతున్న మనిషిని తొలగించి కొత్తవాణ్ణి పంపుతున్నామని.

సంధానకర్త: పాపం, ఆ వాచ్‌మన్ చేయని తప్పుకు పోయాడన్నమాట.

మాస్టారు: పోనివ్వలేదులెండి, ఫోను చేసి ఆపాను. కానీ ఏజెన్సీ వాళ్ళను తప్పుపట్టలేం. "స్లీప్స్" అని రాస్తే వాచ్‌మన్ పడుకుంటున్నాడని మేము గట్టిగా చెబుతున్నట్టు, అంటే ఫిర్యాదు చేస్తున్నట్టు. "స్లీప్" అని రాసి ఉంటే అతడు పడుకోవాలని పట్టుబడుతున్నట్టు. తెలుగులో "పడుకుంటాడని", "పడుకోవాలని" అంటూ స్పష్టంగా విడదీసి చెప్పే తేడాను ఇంగ్లీషు ఒక్క ఎస్ అక్షరం మీద నిలబెట్టింది.

సంధానకర్త: కానీ "హీ" పక్కన క్రియకు ఎస్ చేర్చకపోతే బెత్తం తీసేది మీరే కదా!

మాస్టారు: తీశాను, ఒప్పుకుంటున్నాను. అందుకే పిల్లలు ఇక్కడ తడబడతారు. డిమాండ్, ఇన్సిస్ట్, రికమెండ్, రిక్వెస్ట్ వంటి క్రియల తరువాత "దట్" వచ్చి, ఆపైన ఒకరు చేయవలసిన పని చెబితే, ఆ పనిని తెలిపే క్రియ ఏ ప్రత్యయమూ లేకుండా మూలరూపంలోనే ఉంటుంది. ముందున్న క్రియ భూతకాలంలో ఉన్నా ఇది మారదు: "దే డిమాండెడ్ దట్ హీ రిజైన్." "ఈజ్" రావలసిన చోట "బి" వస్తుంది: "షి ఆస్క్‌డ్ దట్ ద డోర్ బి లాక్‌డ్." వ్యతిరేకార్థంలో "డజ్ నాట్" అనకుండా ఉత్త "నాట్" చాలు: "ద డాక్టర్ రికమెండెడ్ దట్ హీ నాట్ ట్రావెల్." ఈ సూత్రాన్ని నేను ఏళ్ళ తరబడి బోర్డు మీద రాశాను, ఏళ్ళ తరబడి పిల్లలు మరిచిపోయారు. చివరికి ఒక శుభలేఖ నాకు దారి చూపింది.

సంధానకర్త: శుభలేఖా?

మాస్టారు: "తామెల్లరూ విచ్చేసి వధూవరులను ఆశీర్వదించవలసిందిగా కోరుతున్నాము" అని ఉంటుంది కదా. ఆ "వలసిందిగా"ను గమనించండి. ఆమె రావలసిందిగా కోరాను, వాళ్ళు రావలసిందిగా కోరతాను, నువ్వు రావలసిందిగా కోరుతున్నాను. లింగం, వచనం, పురుష, కాలం, దేనికీ అది లొంగదు. ఇంగ్లీషులో ఆ మూలరూపం చేసే పని సరిగ్గా ఇదే. ఆ రోజు నుంచి నేను తరగతిలో, తెలుగులో "వలసిందిగా" గానీ "ఆలని" గానీ పట్టే చోట ఎస్ తీసేయమని చెప్పాను.

సంధానకర్త: మరి "ఐ సజెస్టెడ్ హిమ్ టు గో" అని మన వాళ్ళు తరచుగా అంటారు. అది ఎక్కడి నుంచి వచ్చింది?

మాస్టారు: అదీ మన తెలుగు నుంచే వచ్చింది. "వెళ్ళమని చెప్పాను", "వెళ్ళమని సూచించాను" అని మనం రెండింటికీ ఒకే అచ్చు వాడతాం. ఇంగ్లీషులో "టోల్డ్ హిమ్ టు గో" చెల్లుతుంది కానీ "సజెస్టెడ్" ఆ అచ్చులో ఇమడదు. "సజెస్టెడ్ దట్ హీ గో" అనాలి. బ్రిటిష్ వారు "హీ షుడ్ గో" అని కూడా విరివిగా రాస్తారు, అదీ తప్పు కాదు. అమెరికాలో మాత్రం "షుడ్" లేని రూపానికే మొగ్గు ఎక్కువ, కాబట్టి అక్కడ చదువుతున్న మన పిల్లలు దీన్ని అలవాటు చేసుకోవడం మంచిది. అన్నట్టు, 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలో అధ్యక్షుడి ప్రమాణం గురించి చెప్పే చోట "బిఫోర్ హీ ఎంటర్ ఆన్ ది ఎగ్జిక్యూషన్ ఆఫ్ హిజ్ ఆఫీస్" అని ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు, సబ్‌జంక్టివే. ఈ రోజుల్లో అక్కడ "ఎంటర్స్" అనే రాస్తారు.

సంధానకర్త: "గాడ్ సేవ్ ద కింగ్" కూడా ఇదే కోవలోకి వస్తుందా?

మాస్టారు: వస్తుంది, కానీ అది కోరిక కాదు, ఆశీస్సు. దానికి మన దగ్గర "గాక" ఉంది. చర్చిలో "నీ రాజ్యము వచ్చుగాక" అని చదివేది ఇంగ్లీషులో "దై కింగ్‌డమ్ కమ్." ఇలాంటివి పడికట్టు మాటలుగా మిగిలిపోయాయి, కొత్తవి ఎవరూ తయారు చేయరు కాబట్టి వాటితో పేచీ లేదు.

సంధానకర్త: అసలు పేచీ అంతా "ఇఫ్ ఐ వర్ యూ" తోనే. "ఐ" పక్కన "వజ్" కదా ఉండాలి?

మాస్టారు: మీరు నేను కాలేరు, నేను మీరు కాలేను. అలా జరగని సంగతిని ఊహించి చెబుతున్నామని తెలపడానికే అక్కడ "వర్" ఉంది. తెలుగులో చూడండి: "డబ్బుంటే ఇస్తాను" అంటే ఉండవచ్చు, లేకపోవచ్చు, జేబు చూసుకోవాలి. "డబ్బుంటే ఇచ్చేవాణ్ణి" అంటే లేదని తేలిపోయింది. రెండు చోట్లా "ఉంటే" ఒక్కటే. లేదన్న సంగతిని మనం వాక్యం చివరికి దాచిపెట్టి "ఇచ్చేవాణ్ణి"తో బయటపెడతాం. ఇంగ్లీషు మాత్రం "ఇఫ్" వెనకాలే చెప్పేస్తుంది. అందుకే మనకు అక్కడ కాలు జారుతుంది. అయితే మాటల్లో "ఇఫ్ ఐ వజ్ యూ" అనే ఇంగ్లీషువాళ్ళు కోకొల్లలు, అందుకని ఎవరినీ వెక్కిరించనవసరం లేదు. రాతలో మాత్రం "వర్" ఉంచడమే నాకు ఇష్టం.

సంధానకర్త: అయితే "ఇఫ్" కనబడిన ప్రతిచోటా "వర్" పెట్టేస్తే సరిపోతుందా?

మాస్టారు: తెలివైన పిల్లలు చేసే తప్పు అదే! "నిన్న నేను దురుసుగా మాట్లాడి ఉంటే క్షమించండి" అన్నప్పుడు మాట్లాడే ఉండవచ్చు. అది ఊహ కాదు కనుక "ఇఫ్ ఐ వజ్ రూడ్" అనే రాయాలి. ఇంకొకటి, "హీ ఆస్క్‌డ్ ఇఫ్ ఐ వజ్ రెడీ" అన్న వాక్యంలో ఉన్నది అసలు షరతే కాదు. దాన్ని తెలుగు చేసి చూడండి.

సంధానకర్త: "నేను సిద్ధంగా ఉన్నానా అని అడిగాడు."

మాస్టారు: "ఉంటే" రాలేదు, "ఉన్నానా అని" వచ్చింది. కాబట్టి అక్కడ "వర్" పెట్టకండి.