ఎడమ స్టీరింగ్ పాత కారు: కుడికి మార్చాలా, వద్దా?

[దృశ్యం: వరంగల్ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. బల్ల మీద విప్పి పెట్టిన స్టీరింగ్ ర్యాక్. కెమెరా దగ్గరగా.]

నమస్తే. ఇది ఎడమ స్టీరింగ్ ఉన్న ఒక పాత విదేశీ కారు ర్యాక్, అంటే అటూ ఇటూ జరిగి ముందు చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ. స్టీరింగ్ రాడ్డు వచ్చి కలిసే పినియన్, అంటే ఈ కడ్డీని జరిపే చిన్న పళ్ల చక్రం, ఎడమ చివర ఉంది, చూడండి. మనకు అది కుడి చివర కావాలి. ఎవరికైనా ముందు తోచే ఉపాయం ఒకటే. ర్యాక్‌ను బోర్లా తిప్పితే పినియన్ కుడికి వచ్చేస్తుంది కదా, అలాగే బిగించేద్దాం అని.

[దృశ్యం: మేస్త్రీ ర్యాక్‌ను బోర్లా పెట్టి పినియన్‌ను తిప్పుతాడు.]

మేస్త్రీ: "ఇగ చూడన్నా. కుడికి తిప్పితే బండి ఎడమకు పోతది."

ఎందుకంటే ఇంతకుముందు పినియన్ ర్యాక్‌కు పైన ఉండేది, ఇప్పుడు కిందికి వచ్చింది. మీరు అదే వైపు తిప్పినా ర్యాక్ ఎదురు దిశలో జరుగుతుంది. ఎడమ కాలి చెప్పును బోర్లా పెడితే ఆకారం కుడి కాలికి సరిపోయినట్టే కనిపిస్తుంది, పట్టీలు మాత్రం నేల వైపు ఉంటాయి. ఇదీ అంతే. కుడి స్టీరింగ్ కోసమే విడిగా తయారు చేసిన ర్యాక్ కావాలి. పాత అమెరికన్ కార్లలో ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్స్ (లోపల మర, పళ్లు ఉన్న పెట్టె) ఉంటుంది. బాక్స్‌ను కుడి పక్కకు అద్దంలో చూపినట్టు మార్చి బిగించాలంటే లోపలి వార్మ్ మర కూడా ఎదురు చుట్టుతో ఉండాలి. లేత్ మీద ఒక పూటలో అయ్యే పని కాదది.

ఇప్పుడు ఈ గొడవంతా ఎందుకంటే, 2025లో దిగుమతి నిబంధనలు సడలాయి. 50 ఏళ్లు దాటిన కార్లను లైసెన్సు లేకుండానే తెప్పించుకునే వీలు వచ్చింది. అంతకు ముందు 1950కి ముందు తయారైన వాటికే ఆ వెసులుబాటు ఉండేది. హనుమకొండలో అమెరికాలో ఎవరూ లేని వీధి దొరకడం కష్టం. అందుకని "మా బావ డల్లాస్‌లో ఒక ఫోర్డ్ మస్టాంగ్ చూశాడు" అనే మాట ఇప్పుడు ఉత్త ముచ్చట కాదు. కస్టమ్స్ లెక్క వినగానే సగం మంది అక్కడే ఆగిపోతారనుకోండి. మిగిలిన సగం మందికి వచ్చే మొదటి ప్రశ్న స్టీరింగ్ గురించే.

[దృశ్యం: రోడ్డు. పత్తి లోడుతో ఎనుమాముల మార్కెట్ వైపు పోతున్న ట్రాక్టర్. దాని వెనక కారులోంచి, ఎడమ సీటు వైపు నుంచి తీసిన షాట్.]

ఎడమ సీట్లో కూర్చుంటే కనిపించేది ఇదే. ముందు పత్తి బస్తాలు, పక్కన రోడ్డు అంచు. ఎదురుగా ఏం వస్తుందో తెలియాలంటే కారు సగం అవతలి వైపుకు పోవాలి. కుడి సీట్లో కూర్చున్న మనిషి "రా, రా, ఆగు!" అని చెబుతూ ఉండాలి. ఆ మనిషికి మీ మీద కోపం లేని రోజు చూసుకోండి.

మార్చుకోవాలని అనిపించడం సహజమే. అయితే ఏ కారు అన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది.

తేలికైనది జీపు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులు ఎడమ స్టీరింగ్‌వే. అయితే మహీంద్రా 1940ల చివర్లో విల్లీస్ జీపుల అసెంబ్లింగ్ మొదలుపెట్టి, ఆ తర్వాత దశాబ్దాల పాటు కుడి స్టీరింగ్ జీపులు తయారు చేసింది. అంటే ఈ మార్పుకు ఫ్యాక్టరీయే దారి వేసి పెట్టింది. బాక్సు, రాడ్లు, పెడళ్లు మన దగ్గర మేస్త్రీల చేతుల్లో నలిగినవే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, పాత మెర్సిడెస్ లాంటివి కూడా ఇంగ్లండు, ఆస్ట్రేలియాల కోసం కుడి స్టీరింగ్‌తో తయారయ్యాయి. వెతికితే వాటి అసలు పార్టులు దొరుకుతాయి. ఖర్చు వేరే సంగతి.

కష్టమైనది మస్టాంగ్. 1964లో వచ్చిన ఈ కారు, ఫ్యాక్టరీ నుంచి కుడి స్టీరింగ్‌తో రావడానికి 2015 మోడల్ దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి తరం మస్టాంగ్‌కు ఫ్యాక్టరీ చేసిన కుడి పార్టులంటూ లేవు. బయటి కంపెనీల కిట్లు కొనాలి, లేదా చేయించాలి.

[దృశ్యం: పాత మస్టాంగ్ ఇంజిన్ గది బొమ్మ. కుడి పక్కన ఒక్కో భాగం ఎర్రగా వెలుగుతుంది.]

బానెట్ ఎత్తి కుడి పక్క చూడండి. బ్యాటరీ అక్కడే. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ) అవతల హీటర్ పెట్టె అక్కడే. వీ8 ఇంజిన్ అయితే కుడి వైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి వచ్చే గొట్టాలు) కూడా కాలుతూ అక్కడే ఉంటుంది. ఇప్పుడు ఆ సందులోంచే స్టీరింగ్ షాఫ్టు దిగాలి, బ్రేక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసేది) కూర్చోవాలి. షాఫ్టు తిన్నగా పోదు కాబట్టి వంగి తిరిగే యూనివర్సల్ జాయింట్లు పడతాయి. జాయింట్ మరీ ఎక్కువ వంగితే స్టీరింగ్ తిప్పేటప్పుడు ఒకచోట తేలిగ్గా, ఒకచోట బరువుగా ఉంటుంది. ఎన్‌ఐటీలో మెకానికల్ చదివే పిల్లలు చూస్తుంటే, మీకు ఇదొక మంచి ప్రాజెక్టు.

ఇంకో మాట. 1968 నుంచి అమెరికన్ కార్లలో గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకునే స్టీరింగ్ కాలమ్ తప్పనిసరి అయింది. దాన్ని పొడుగు సరిపోలేదని కోసి, మామూలు రాడ్డు ముక్క వేసి వెల్డింగ్ చేశారనుకోండి, ఎదురుగా గుద్దుకుంటే ఆ రాడ్డు నేరుగా ఛాతీ మీదికి వస్తుంది. స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే పిట్‌మ్యాన్ ఆర్మ్, టై రాడ్లు, స్టీరింగ్ ఆర్ములు కూడా అంతే. వేడి చేసి వంచడం, అతుకు వేయడం వద్దు. మా మేస్త్రీకి ఈ విషయంలో రెండో మాట లేదు, నాకూ లేదు.

బ్రేకులకు ఒక దొంగదారి ఉంది. మాస్టర్ సిలిండర్‌ను ఎడమనే వదిలేసి, కుడి పక్కకు తెచ్చిన బ్రేకు పెడల్ నుంచి అడ్డంగా ఒక రాడ్డు వేస్తారు. కొన్ని ఫ్యాక్టరీలు కూడా అలా చేశాయి, కాదనను. కానీ అవి ఆ రాడ్డు మెలి తిరగకుండా లెక్క కట్టి చేశాయి. షెడ్డులో చేసినది కొంచెం వంగినా పెడల్ మెత్తగా దిగిపోతుంది. సిలిండర్‌నే కుడికి తెచ్చి, కొత్త బ్రేకు పైపులు వేయించండి. క్లచ్‌కు హైడ్రాలిక్ పెట్టుకుంటే ఆ లింకుల తలనొప్పి పోతుంది.

[దృశ్యం: డ్యాష్‌బోర్డు లోపల చైన్, రెండు పళ్ల చక్రాల గీత బొమ్మ.]

ఇది చైన్ పద్ధతి. ఎడమ పక్క పాత స్టీరింగ్ అలాగే ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనక చైన్‌తో కుడి పక్క కొత్త చక్రాన్ని దానికి కలుపుతారు. చవక, త్వరగా అయిపోతుంది. చైన్ సాగిన కొద్దీ ప్లే (చక్రం ఊరికే తిరిగే ఖాళీ) పెరుగుతుంది, తెగితే చేతిలో చక్రం మాత్రమే మిగులుతుంది. నేనైతే అలాంటి కారు ఎక్కను.

మిగతావి చిన్నవే కానీ వదిలేయకూడదు. హెడ్‌లైట్ల లో బీమ్ కుడి అంచుకు వెలుగు వేసేలా ఉంటే, మన రోడ్ల మీద అది ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఎడమ పక్క నడిచే దేశాల లైట్లు వేయాలి. వైపర్లు అద్దంలో కుడి మూలను తుడవకుండా వదిలేస్తాయి, వాన పడితే డ్రైవర్‌కు ఆ మూలే కావాలి. స్పీడోమీటర్ కేబుల్ పొడుగు, మైళ్ల అంకెలు కూడా చూసుకోండి.

[దృశ్యం: ఆర్టీఏ ఆఫీసు బోర్డు, దూరం నుంచి.]

ఇవన్నీ చేసే ముందు కాగితాలు. మోటారు వాహనాల చట్టంలోని 120వ సెక్షన్ ప్రకారం, పనిచేసే సిగ్నల్ పరికరం ఉంటే ఎడమ స్టీరింగ్ బండిని రోడ్డు మీద నడపొచ్చు. మార్చి తీరాలని ఆ సెక్షన్ అనదు. మరోవైపు 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దు పెడుతుంది. తయారీదారు ఇచ్చిన దానికి విరుద్ధంగా నిర్మాణం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు. 50 ఏళ్లు దాటిన బండికి నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. షరతు ఏమిటంటే ఛాసీ, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఫైర్‌వాల్ బాడీ షెల్‌లో భాగమే కదా? అందుకే గ్రైండర్ ముట్టుకోక ముందే ఆర్టీఏ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నోటిమాట చాలదు.

పైగా వీఏ నంబరు బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనకో, వింటేజ్ ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలు, మరమ్మతుకో మాత్రమే తీయాలి. ఏడాదికి నాలుగు సార్లు బయటికి వచ్చే కారుకు, ట్రాక్టర్‌ను దాటడం కోసం ఫైర్‌వాల్ కోయడం నాకు నచ్చని పని. ఫ్యాక్టరీ కుడి పార్టులు దొరికే కారు, ఆర్టీఏ ఒప్పుకున్న కారు అయితే మార్చండి. మస్టాంగ్ లాంటిదైతే ఎడమనే ఉంచి, కుడి సీట్లో నమ్మకమైన మనిషిని కూర్చోబెట్టుకోండి.

మార్చిన వాళ్లకు ఒక పని. ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. బ్రేకు గొట్టం ఎక్కడా రాసుకోకూడదు, షాఫ్టు ఎగ్జాస్ట్‌కు తగలకూడదు. తర్వాత అలైన్‌మెంట్. గుంతలో పడ్డప్పుడు బండి తనంతట తాను పక్కకు లాగితే టై రాడ్ల ఎత్తు కుదరలేదని అర్థం, మళ్లీ విప్పాలి. ఇన్సూరెన్సు కంపెనీకి మార్పు సంగతి రాసి పంపి, రసీదు దగ్గర పెట్టుకోండి.