ఆపదకు అక్కరకొచ్చే నేల
(అక్టోబరు 2న కర్నూలులో జరిగిన సభలో ఒక విశ్రాంత సర్వేయరు చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం. వేదిక మీదున్న వాళ్లందరి పేర్లూ చెబితే నాకిచ్చిన టైము అందులోనే అయిపోతుంది. అందరికీ కలిపి ఒకటే దండం.

గాంధీ జయంతి కదా, గ్రామ స్వరాజ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ కర్నూలు మనిషికి అక్టోబరు 2 అంటే ఇంకోటి కూడా గుర్తొస్తుంది. 2009. సుంకేసుల బ్యారేజీ దాటుకుని తుంగభద్ర వచ్చింది, ఇటు నుంచి హంద్రీ వచ్చింది. దిగువన శ్రీశైలానికి చేరిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. రెండేర్లు కలిసే చోట ఉన్న ఊరికి ఏం కావాలో అదే అయింది. మంత్రాలయం మునిగింది. మన పాతబస్తీలో జనం మిద్దెల మీద రాత్రంతా నిలబడినారు. ఈ హాల్లో ఆ రాత్రి మిద్దె మీద ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూసినారా, సగం హాలు.

బురద ఎత్తిపోసేటప్పటి నుంచే ఊళ్లో ఒక మాట మొదలైంది. ఎక్కడన్నా పల్లెలో ఇంత నేల ఉంటే బాగుండు, ఆపదొస్తే పిల్లల్ని తీసుకొని పోయి ఉంటాం అని. 2020లో లాక్‌డౌన్ వచ్చేసరికి ఆ మాట ఇంకా గట్టిపడింది. నేను సర్వే శాఖలో గొలుసు లాగిన మనిషిని కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. 'సార్, చవకగా రావాల, పర్మిషన్ల బాధ ఉండకూడదు, అట్లాంటి నేల యాడుంది?' అని.

ఉంది. మన జిల్లాల్లో కావలసినంత ఉంది. వ్యవసాయ భూమి కొనాలంటే రైతే అయ్యుండాలన్న షరతు మన రాష్ట్రంలో లేదు. పక్కనున్న కర్ణాటకలో 2020లో చట్టం మార్చేదాకా ఆ షరతు ఉండేది. ఒకరి చేతిలో ఇంతకు మించి భూమి ఉండకూడదనే సీలింగు చట్టం 1973 నాటిది. ఎకరా, రెండెకరాలు కొనే మనకు దాంతో పని లేదు. పట్టణాభివృద్ధి సంస్థ హద్దు దాటితే ఇల్లు కట్టుకునే పర్మిషన్ పంచాయతీ దగ్గర అడగాల. ఆలూరు, పత్తికొండ, కళ్యాణదుర్గం, మడకశిర వైపు నేల చవకంటే దానికి కారణం అందరికీ తెలుసు. వాన లేదు. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తం మీద వచ్చే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. ఆ చవకను నేను తప్పు పట్టను. అది కళ్లెదుట కనపడే చవక.

కనపడని చవక ఇంకోటి ఉంది, కాగితంలో లోటు వల్ల వచ్చే చవక. దాని గురించి చెప్పడానికే ఇక్కడ నిలబడినాను.

ముందు నీళ్ల మాట. కొనేవాళ్లు ఎండాకాలం ఆదివారం కారులో పోతారు, బోరు మోటారు వేసి చూపిస్తే సంబరపడి అడ్వాన్సు ఇచ్చి వస్తారు. అట్లా కొనొద్దు. గట్టి వాన పడిన మరుసటి రోజు పోండి. బండిబాట మీద వంక ఎంత ఎత్తున పారుతుందో చూడండి. వంక దాటలేకపోతే ఆపద నాడు ఆ నేలకు మీరు చేరలేరు. తర్వాత మే నెలలో ఇంకోసారి పోయి, తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో ఊళ్లో ఆడవాళ్లను అడగండి. బోరు నీళ్లు పారకానికి వస్తే వస్తాయి. అనంతపురం వైపు చాలా ఊళ్లలో ఫ్లోరైడు, తాగడానికి పనికిరావు. కొత్త బోరు వేయాలంటే నీళ్లు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద పర్మిషన్ కావాలి. పక్క బోరుకు ఎంత దూరం అనే లెక్క అక్కడ ఉంటుంది. సున్నపురాయి నేలల్లో ఇంకో చిక్కు. 2015లో గట్టి వానలకు కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో నేల కుంగి పెద్ద గుంతలు పడినాయి.

ఇంకొకటి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించిన సంస్కృత శాసనం. మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు, ఆరు దోషాలు అందులో చెక్కినారు. గట్టు నుంచి నీళ్లు ఊరడం ఒక దోషం, చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం కూడా ఒక దోషమే! చెరువు గురించి చెప్పినా, సర్వేయరుగా నాకు ఆ మాట చదివితే ఒళ్లు పులకరిస్తుంది. రెండు ఊళ్ల పొలిమేర మీదున్న నేల కొనొద్దు. ఎఫ్‌ఎంబీ అంటే పొలాల కొలతల పటాల పుస్తకం. ఒక ఊరి ఎఫ్‌ఎంబీలో ఒక గీత, పక్క ఊరి ఎఫ్‌ఎంబీలో ఇంకో గీత. మధ్యలో మీరు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు పెట్టి కొలిచినా, పొలిమేర తగాదా మనుషులదే కాబట్టి తెగదు.

గ్రామ స్వరాజ్యానికి వస్తాను. కొంచెం ఆగండి, ఇది చెప్పకుండా ముందుకు పోలేను.

మా వీధిలో ఒక దర్జీ అన్న ఉండేవాడు. 2009లో మిషన్లు బురదలో కూరుకుపోయినాయి. భయం పోలేదు ఆయనకు. వదిన గాజులు అమ్మి పత్తికొండ వైపు ఒక ఎకరా కొన్నాడు. బ్రోకరు ఏమన్నాడో నాకు అక్షరం అక్షరం చెప్పినాడు: 'డీకేటీ అయితే ఏమప్పా, ఊరంతా అమ్ముకుంటాండారు. దీనికి రిజిస్ట్రేషన్ లేదు, రూల్సు లేవు, సగం ధర.' డీకేటీ అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన నేల. రాసుకున్నది తెల్ల కాగితం. ఆ కాగితం నేను చూసినాను. పాలిథిన్ కవర్లో పెట్టి, మడతల దగ్గర చిరిగి, సెల్లో టేపు అంటించి ఉంది. సర్వే నంబరు ఉంది. చెక్కుబందీ రాయాల్సిన చోట ఖాళీ. తూర్పు ఏముంది, పడమర ఏముంది, ఒక్క ముక్క లేదు.

అన్న అక్కడ రేకుల కొట్టం వేసినాడు, నాలుగు వేపచెట్లు పెంచినాడు. 2020 మార్చిలో పిల్లల్ని తీసుకొని పోతే దారికి అడ్డంగా సర్కారు తుమ్మ కంప కొట్టి ఉంది. ఆ నేలను ప్రభుత్వం మొదట ఎవరికి ఇచ్చిందో ఆయన మనవళ్లు నిలబడినారు. వాళ్లను నేను ఒక్క మాట అనను. పేదవాడని వాళ్ల తాతకు ఇచ్చిన నేల అది. 1977 చట్టం ప్రకారం ఇట్లా ఇచ్చిన అసైన్డు భూమి అమ్మకం చెల్లదు. స్వాధీనం చేసుకొని అసలు లబ్ధిదారుకో, వారసులకో తిరిగి ఇవ్వవచ్చు. చట్టం వాళ్ల వైపే ఉంది. అన్న చేతిలో ఉన్నది ఆ పాలిథిన్ కవరు.

అమ్మా, మీరు తల ఊపుతున్నారు. మీ ఇంట్లోనూ ఉందా అట్లాంటి కాగితం?

2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డు భూముల మీద అసలు లబ్ధిదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టినారు. ఈ మధ్యలో 'ఫ్రీహోల్డు అయిపోయింది', అంటే అమ్ముకునే హక్కు వచ్చేసింది అని చెప్పి అమ్మినవాళ్లు, నమ్మి కొన్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. చుక్కల భూములదీ ఇట్లాంటి కథే. పాత రిజిస్టరులో పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టిన నేలలు అవి. ఎర్రచందనం ప్లాట్లని, ఫామ్ ప్లాట్లని హైవే పొడుగునా అమ్ముతారే, వాటిలో కొన్నిటికి అవిభాజ్య వాటా రాసిస్తారు. మీకు పది సెంట్లు వస్తాయి, ఏ పది సెంట్లో దస్తావేజులో ఉండదు.

రిజిస్ట్రేషన్ అయిందని గుండె మీద చెయ్యి వేసుకొని పడుకోవద్దు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేస్తాడు, అమ్మినవాడికి హక్కు ఉందని పూచీ ఇవ్వడు. కాబట్టి నేల ఎవరి సాగులో ఉందో చెప్పే అడంగల్, ఎవరి పేరున ఉందో చెప్పే 1బీ తీయండి. ఆ నేల మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ వీలైనంత వెనక్కి తీయండి. పాత సర్వే నంబరుకు రీసర్వేలో వచ్చిన కొత్త నంబరు, అదే ఎల్‌పీ నంబరు ఏదో సరిపోల్చండి. అన్నిటికంటే ముందు ఆ నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. చేను గట్టు మీద నిలబడి పక్క చేను రైతును అడగండి, 'పెద్దాయనా, ఇది ఎవరిది?' అని. ఆయనకు తెలిసినంత ఏ కంప్యూటరుకూ తెలియదు. రేపు మీరు అక్కడికి పరుగెత్తిపోయినప్పుడు బిందె నీళ్లు ఇచ్చేదీ ఆయనే. ఊరికి ఎంత దూరంగా ఉంటే అంత క్షేమమని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. పలకరిస్తే వినపడేంత దూరంలో ఊరు ఉండాలి.

టైము అయిందని చీటీ పంపినారు. గ్రామ స్వరాజ్యం మీద రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంది, అది ఇంకోసారి చదువుతాను. ఇప్పుడు ఒక అర్జీ తెచ్చినాను. రెండే కోరికలు. ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద ఆ ఊరి 22-ఏ సర్వే నంబర్లు చదవగలిగే అక్షరాల్లో రాయించాలి. 2009లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చినాయో కర్నూలు వీధుల్లో కరెంటు స్తంభాల మీద గీత గీయించాలి. సంతకాలు పెట్టండి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు, అందరం కలిసి పోయి ఇద్దాం. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు మెట్ల పక్కనున్న బల్ల దగ్గరికి రండి, అందరివీ చూసేదాకా ఉంటాను.