పాత ఇండికా డీజిల్‌లో చార్జింగ్ సమస్య: మూడు మీటర్లలో ఏది పనికొస్తుంది?

నమస్కారం. టేబుల్ మీద మూడు ఉన్నాయి: సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే వోల్ట్ మీటర్, అందరికీ తెలిసిన పసుపు రంగు 830 రకం మల్టీమీటర్, ఒక డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు ఎంత పోతోందో కొలిచేది). బండి పాత టాటా ఇండికా డీజిల్. పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, రాత్రి హెడ్‌లైట్లు మసగ్గా వెలుగుతున్నాయి. ఇలాంటి బండి షెడ్డుకెళ్తే మొదట వినపడేది "డైనమో పోయింది సార్" (అంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్) అనే మాటే. అది నిజమో కాదో పది నిమిషాల్లో తేల్చొచ్చు.

పాత డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గులు లేవు. డీజిల్ పంపు మీదున్న స్టాప్ సోలినాయిడ్‌కి (డీజిల్‌ని వదిలే, ఆపే కరెంటు వాల్వు) కాస్త కరెంటు అందితే చాలు, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే చార్జింగ్ పూర్తిగా ఆగినా డ్రైవర్‌కి తెలీదు. బండి ఆపి, మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు తెలుస్తుంది.

ముందు రాత్రంతా నిలబడ్డ బండికి బ్యాటరీ పోళ్ల మీద చూడండి. 12.6 వోల్టులుంటే ఫుల్, 12.2 అంటే సగమే. 12.4 కంటే తక్కువుంటే చార్జ్ చేయించి అప్పుడు మిగతా పరీక్షలకి రండి. బ్యాటరీ నిండుగా ఉండి కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే అనుమానం బ్యాటరీ మీదే.

ఇప్పుడు ఇంజన్ ఆన్. సుమారు 2000 ఆర్‌పీఎం, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్. సాకెట్ మీటర్ 12.7 అంటోంది. డైనమో మీద నేరం మోపేది ఇక్కడే! అదే క్షణంలో బ్యాటరీ పోళ్ల మీద 830 పెడితే 13.3. సాకెట్ దాకా వచ్చే వైరు, ఫ్యూజు, కీ స్విచ్ కలిసి 0.6 తినేశాయి. కాబట్టి ఈ సాకెట్ మీటర్ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా గమనించడానికి సరే, తీర్పు చెప్పడానికి పనికిరాదు.

13.3 కూడా తక్కువే, లోడ్ మీద 13.8 దాకా ఉండాలి. డైనమో వెనక కరెంటు బయటికొచ్చే బి ప్లస్ బోల్టుకీ డైనమో బాడీకీ మధ్య చూస్తే 14.2. అంటే డైనమో తన పని తాను చేస్తోంది, దారిలో పోతోంది. ఎక్కడ? ఎర్ర ప్రోబ్ బి ప్లస్ మీద, నల్లది బ్యాటరీ ప్లస్ పోల్ మీద: 0.15. 0.3 లోపు కాబట్టి ఓకే. ఇక డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి: 0.75! ఇక్కడ 0.2 దాటకూడదు. దొంగ దొరికాడు: ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ. విప్పి, తుప్పు గీకి బిగించండి, అల్లిక తెగిపోయి ఉంటే కొత్తది వేయండి. బి ప్లస్ బోల్టులో కీ తీసేసినా కరెంటు ఉంటుంది, స్పానర్ పెట్టేముందు బ్యాటరీ మైనస్ తీసేయండి.

830 బలహీనతలు రెండు. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మంచి కటౌట్‌ని (డైనమో వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్) ఓవర్‌చార్జ్ అంటూ తీసి పారేసేది ఇలాగే. నిజంగా 15 దాటితేనే కటౌట్‌ని అనుమానించండి. రెండోది, డైనమోలో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు చూడటానికి ఏసీ రేంజ్ పెడితే ఇది డీసీని కూడా కలిపేసి 28, 30 అంటుంది, ప్రోబ్‌లు తిప్పితే సున్నా. ఆ పనికి కాస్త మంచి మీటర్ కావాలి. దాంట్లో ఇంజన్ ఆన్‌లో ఏసీ 0.5 దాటితే డయోడ్ ప్లేట్ పోయినట్టే.

క్లాంప్ మీటర్ డీజిల్‌కి ఎందుకంటే, హీటర్ ప్లగ్గుల (చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి వేడెక్కించేవి) రిలే, అంటే వాటికి కరెంటు ఇచ్చే స్విచ్. అది అతుక్కుపోతే ఇంజన్ వేడెక్కాక కూడా నాలుగు ప్లగ్గులూ 40 ఆంప్స్ పైనే లాగుతుంటాయి, ఏ డైనమో అయినా వోల్టేజ్ దించేస్తుంది. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గుల వైరుకి క్లాంప్ తగిలిస్తే సున్నా రావాలి. కొనేటప్పుడు డీసీ ఆంప్స్ ఉందో లేదో చూసుకోండి. చవకవాటిలో చాలా వరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, కారుకి దండగ.

కీ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగాలి. అసలు వెలగకపోతే బల్బు మాడి ఉండొచ్చు. డైనమో మేల్కొనే కరెంటు ఆ బల్బులోంచే వెళ్తుంది, అక్కడ ఎల్ఈడీ పెట్టకండి. బల్బు బాగుంటే దాన్నుంచి వచ్చే సన్న వైరు డైనమో దగ్గర ఊడదీసి ఎర్త్‌కి తాకించండి. అప్పుడు లైటు వెలిగితే లోపం డైనమో లోపలే, ఎక్కువగా కార్బన్ బ్రష్షులే.

బ్రష్షులంటే ఇండికాలో ఒక మెలిక. బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చే పంప్ డైనమో వెనకే ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌తో నడుస్తుంది. సీల్ కారితే ఆయిల్ లోపలికి దిగి బ్రష్షులు నానిపోతాయి. సీల్ మార్చకుండా బ్రష్షులు మాత్రమే వేస్తే మళ్లీ అదే గొడవ. చార్జింగ్ తగ్గడం, బ్రేక్ పెడల్ గట్టిపడటం రెండూ ఒకేసారి వస్తే ముందు బెల్టు చూడండి. డైనమో తిరక్కపోతే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ కూడా ఉండదు.

ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ టెర్మినల్ పీకి "చూడండి, నడుస్తోంది, డైనమో బాగుంది" అనేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. డీజిల్ ఎలాగూ కాసేపు నడుస్తుంది. ఆ పీకిన క్షణంలో ఎగిసే వోల్టేజ్‌కి కటౌటూ, డయోడ్లూ మాడిపోవచ్చు.