ఊపిరి ఆడిస్తే బయటపడ్డ జబ్బు

అందరికీ నమస్కారం. యాభై స్లైడ్లు తెచ్చాను గానీ ఒక్కటే చూపిస్తాను, టెన్షన్ పడకండి.

ఈ పారదర్శకమైన సిలికాన్ రబ్బరు ముక్క పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. హార్వర్డ్ వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో డాన్ హూ, డొనాల్డ్ ఇంగ్బర్ బృందం 2010లో చూపించిన ఊపిరితిత్తి చిప్ ఇది. ఊపిరితిత్తి అంటే మొత్తం కాదులెండి, అందులో గాలి నిండే బుల్లి గది గోడ ఒక్కటే. లోపల రెండు సన్నటి కాలువలు, వాటి మధ్య 10 మైక్రాన్ల మందం పొర, జల్లెడలా దానినిండా చిల్లులు. పొరకు పైన మనిషి ఊపిరితిత్తి కణాలు, వాటికి గాలి తగులుతుంటుంది. కింద రక్తనాళం లోపలి కణాలు, వాటిని తాకుతూ ద్రవం పారుతుంటుంది. అసలు తెలివంతా చిప్‌లో కాలువల పక్కనున్న రెండు గదుల్లో ఉంది. వాటిలోంచి గాలి లాగేస్తే గోడలు వంగి మధ్య పొర సాగుతుంది, వదిలేస్తే మళ్లీ మామూలే. ఐదు సెకన్లకోసారి, పది శాతం మేర. ఆ కణాలకు అదే ఊపిరి.

ఇంత హంగామా ఎందుకు, ప్లాస్టిక్ డిష్‌లో పెంచితే పోలా అని ల్యాబ్‌కొచ్చే ప్రతి కొత్త కుర్రాడూ అడుగుతాడు. అడగాలి కూడా.

2012లో అదే బృందం ఇంటర్‌ల్యూకిన్-2 అనే క్యాన్సర్ మందు తీసుకుంది. దీంతో కొందరు రోగుల ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ మందును కింది కాలువలో పంపితే, కొద్ది రోజుల్లో ద్రవం పైకి ఊరి గాలి కాలువ నిండిపోయింది. పొరను కదపకుండా ఉంచితే ఊట తక్కువ, ఊపిరి ఆడిస్తే ఎక్కువ! అంటే మందు ఒక్కటే కాదు, లాగుడు కూడా కారణమే. పైగా చిప్‌లో తెల్ల రక్తకణాలు లేనే లేవు, ఈ మందు వాటిని రెచ్చగొడుతుంది కదా అని తప్పంతా వాటి మీద వేయడానికి లేదు. టీఆర్‌పీవీ4 అని కణం పొరలో ఒక గేటుంది, సాగుడుకు తెరుచుకుంటుంది. దాన్ని మూసే మందు వేస్తే లీకు ఆగింది. కదలని డిష్‌లో ఇది దొరికేదా? నాకు నమ్మకం లేదు.

మన దేశంలోనూ 2023లో నిబంధనలు సవరించి, కొత్త మందుల పరీక్షల్లో ఇలాంటి చిప్‌లకు చోటిచ్చారు. మంచిదే. కానీ ఈ రబ్బరుకో పాడు అలవాటుంది, కొన్ని మందుల్ని తనే పీల్చేసుకుంటుంది. మనం ఎంత పోశామో రాసుకుంటే సరిపోదు, కణాల దాకా ఎంత చేరిందో విడిగా కొలవాల్సిందే.

సరే, ప్రశ్నలు అడగండి.