ఫోటో కింద పేరు చెరిపేయకండి

అందరికీ నమస్కారం. ఒంగోల్లో ఆదివారం పూట ఇంతమంది వస్తారనుకోలేదు, సంతోషం. నేను లాయర్ని కాదు, ఏళ్ల తరబడి పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా చేసినవాణ్ణి, కాబట్టి ఫోటోలు తీసినవాడిలాగే మాట్లాడతాను.

2022 మార్చి 9, ఉక్రెయిన్‌లో మరియుపోల్ ఊరు. ప్రసూతి ఆస్పత్రి మీద బాంబు పడింది. నిండు గర్భిణిని స్ట్రెచర్ మీద మోసుకుపోతున్నారు, వెనకంతా విరిగిన చెట్లు, ధ్వంసమైన భవనం, ఆమె చెయ్యి మాత్రం పొట్ట మీదే ఉంది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఆ ఫోటో తీసింది అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ ఫోటోగ్రాఫర్ యెవ్గెనీ మలోలెత్కా. ఆ దాడి ఫోటోలన్నీ నాటకమని రష్యా వాళ్లు కొట్టిపారేస్తే, ఎవరు తీశారు, ఎక్కడ, ఏ రోజు అని ఫోటో కింద ఉన్న ఆ చిన్న లైను కూడా సాక్ష్యంగా నిలబడింది.

మన పిల్లలు యూట్యూబ్ వార్తల్లో ఇలాంటి ఫోటో వాడొచ్చా అని అడుగుతున్నారు. వాడొచ్చు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది, వర్తమాన సంఘటనల రిపోర్టింగ్‌కి, విమర్శకి, సొంత చదువుకి, పరిశోధనకి ఎవరినీ అడక్కుండా న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది, క్లాసులో పాఠం చెప్పే టీచర్లకి వేరే వెసులుబాటు కూడా ఉంది. మన దగ్గర దీన్ని ఫెయిర్ డీలింగ్ అంటారు. అమెరికాలో ఫెయిర్ యూజ్, ఎందుకు వాడావు, అది ఎలాంటి రచన, ఎంత వాడావు, యజమాని సంపాదనకి దెబ్బ తగిలిందా అని అక్కడ నాలుగు విషయాలు చూస్తారు. పది శాతం వాడితే కేసుండదని ఎవరో చెప్పారట, అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు. అయినా తక్కువ వాడాలని ఫోటోలోంచి ఆ తల్లి చెయ్యి ఉన్న ముక్క కత్తిరించేశాక ఇక అందులో ఏం మిగిలింది? మొత్తం ఫోటో పెట్టాల్సి రావచ్చు, కానీ అప్పుడు మీ మాట ఆ ఫోటో గురించి, ఆ దాడి గురించే ఉండాలి. థంబ్‌నెయిల్‌లో ఆమె చుట్టూ ఎర్ర రౌండు గీసి, లోపల ఇంకేదో గొడవ చెప్తే అది రిపోర్టింగ్ కాదు, ఆమె చావుతో వ్యూస్ తెచ్చుకోవడం.

ఇంకోటి, కర్టసీ గూగుల్ అని వేస్తారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. గూగుల్ వెళ్లి తీసిందా ఆ ఫోటో? కొత్తపట్నంలో తుఫాను మర్నాడు, కూలిపోయిన గుడిసె ముందు తడిసిన బియ్యం ఆరబోసుకుంటున్న ఒక అవ్వని ఫోటో తీశాను. ఏడాది తిరక్కముందే అదే ఫోటో, కింద నా పేరు కోసేసి, ఎక్కడో వేరే రాష్ట్రం వరదల వార్తలో కనపడింది. నా పేరు పోయినందుకు బాధ కొంతే. అవ్వ ఊరి పేరు పోయింది, ఆమె కష్టం ఇంకెవరిదో అయిపోయింది, అది ఇప్పటికీ మింగుడు పడలేదు. యుద్ధం ఫోటోలకి జరిగేదీ ఇదే, ఒక దేశంలో చనిపోయిన బిడ్డని ఇంకో దేశం బిడ్డగా చూపిస్తారు, అది బయటపడగానే నిజమైన ఫోటోలని కూడా జనం నమ్మడం మానేస్తారు.

ఈ వారం మీరు చేస్తున్న వీడియో కోసం ఆ లైను కాగితం మీద రాసి తెచ్చాను, ఫోటో తెర మీద ఉన్నంతసేపూ ఇది కూడా ఉంచండి: మరియుపోల్, ఉక్రెయిన్, 2022 మార్చి 9. ఫోటో: యెవ్గెనీ మలోలెత్కా, అసోసియేటెడ్ ప్రెస్.